సైబర్‌పంక్ అనిమే మొదలుపెడుతున్నారా? ఈ నాలుగింటిలో మీది ఏది?

"సైబర్‌పంక్ అనిమే చూడాలనుంది, ఎక్కడ మొదలుపెట్టమంటారు?" అని ఎవరైనా అడిగితే వెంటనే పేరు చెప్పే అలవాటు నాకు లేదు. మీకు పోలీసు కథలు ఇష్టమా, పోలీసుల నుంచి పారిపోయేవాళ్ల కథలు ఇష్టమా అని ఎదురు అడుగుతాను. అడిగినవారు కాస్త తెల్లబోతారు. పోరాటాలు ఎక్కువ కావాలా, బొమ్మలు బాగుండాలా అని అడుగుతానని అనుకుని ఉంటారు.

నా లెక్క వేరు. సైబర్‌పంక్ కోవ అనిమేలో, అంటే జపాన్ యానిమేషన్ కథల్లో, నగరం దాదాపు ఒకటే. వానలో మెరిసే నియాన్ బోర్డులు, ఆకాశాన్ని మూసేసిన కంపెనీ భవనాలు, మెదడులోకి దిగిన తీగలు, ఆ భవనాల నీడలో అద్దె కట్టలేని జనం. యంత్రాలు ఎదిగాయి, మనుషులు చితికిపోయారు. ఒక సిరీస్‌కూ ఇంకో సిరీస్‌కూ తేడా తెచ్చేది ఆ నగరాన్ని మనకు ఎవరి కళ్లతో చూపిస్తున్నారన్న సంగతే. ప్రభుత్వం జీతమిచ్చే అధికారిణి కళ్లతో చూస్తే అది ఒక ఊరు. తల్లిని పోగొట్టుకుని వీధిన పడ్డ కుర్రాడి కళ్లతో చూస్తే అదే ఊరు నరకం. గది తలుపు వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్న పద్నాలుగేళ్ల పిల్ల కళ్లతో చూస్తే అసలు ఊరే ఉండదు.

అందుకే నాలుగు సిరీస్‌లు తీసుకున్నాను: 'ఘోస్ట్ ఇన్ ద షెల్: స్టాండ్ అలోన్ కాంప్లెక్స్' (2002), 'సైకో-పాస్' (2012), 'సైబర్‌పంక్: ఎడ్జ్‌రన్నర్స్' (2022), 'సీరియల్ ఎక్స్‌పెరిమెంట్స్ లెయిన్' (1998). 'అకిరా'ను కావాలనే పక్కన పెట్టాను. 1988 నాటి ఆ సినిమాకు ఎంపిక సలహా అక్కర్లేదు, రెండు గంటలు ఖాళీ చేసుకుని చూసేయడమే. ఇక్కడి సమస్య సిరీస్‌లది. నాలుగు గంటలో, పది గంటలో పెట్టాలి. తప్పు చోట మొదలుపెడితే మూడో ఎపిసోడ్‌లోనే విసుగు పుట్టి, ఈ కోవే మనకు పడదనుకుని వదిలేస్తారు. నేనూ ఒకసారి అలాగే వదిలేశాను. ఆ సంగతి లెయిన్ దగ్గర చెబుతాను.

నాలుగు గంటలే ఉంటే: ఎడ్జ్‌రన్నర్స్

పది ఎపిసోడ్లు. శనివారం సాయంత్రం మొదలుపెడితే ఆ రాత్రికే అయిపోతుంది, నిద్ర మాత్రం పట్టదు. స్టూడియో ట్రిగ్గర్ తీసింది, దర్శకుడు హిరోయుకి ఇమాయిషి. 2020 డిసెంబరులో విడుదలైన 'సైబర్‌పంక్ 2077' అనే వీడియో గేమ్ ప్రపంచమే దీని ప్రపంచం. ఆ గేమ్‌కు మూలం మైక్ పాండ్‌స్మిత్ 1988లో రూపొందించిన, బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట. గేమ్ విడుదలైనప్పుడు లోపాలతో నవ్వులపాలైంది. రెండేళ్ల తర్వాత ఈ అనిమే వచ్చాక జనం మళ్లీ ఆ గేమ్ వైపు చూశారు. గేమ్ ఆడనివాళ్లకూ కథ పూర్తిగా అర్థమవుతుంది, ఆ భయం అక్కర్లేదు.

ఊరి పేరు నైట్ సిటీ, కాలిఫోర్నియాలో ఉంటుంది. డేవిడ్ మార్టినెజ్ అరసాకా అనే మహా కంపెనీ నడిపే బడిలో చదువుకుంటుంటాడు. తల్లి గ్లోరియా అత్యవసర వైద్య సిబ్బందిలో ఉద్యోగం చేస్తూ, ఒంటి చేత్తో ఫీజులు కడుతుంటుంది. కొడుకు ఏదో ఒకరోజు అరసాకా భవనం పైఅంతస్తుకు చేరతాడన్నది ఆమె ఆశ. మొదటి ఎపిసోడ్‌లోనే ఇద్దరూ వెళ్తున్న కారు దుండగుల కాల్పుల మధ్య ఇరుక్కుని బోల్తా కొడుతుంది. ట్రామా టీమ్ అనే ప్రైవేటు ప్రాణరక్షక దళం ఆకాశంలోంచి దిగుతుంది. దెబ్బలు తగిలి పడి ఉన్న తల్లీకొడుకులను పరికరంతో చూస్తుంది. వీళ్లు మా ఖాతాదారులు కారని తేలాక, వేరేవాళ్లను ఎక్కించుకుని ఎగిరిపోతుంది. ఆ దృశ్యం అర నిమిషం కూడా ఉండదు. ఈ కోవ ఏమిటో తెలియనివారికి వివరించాల్సి వస్తే నేను సిద్ధాంతాలేవీ చెప్పను, ఆ అర నిమిషం చూపిస్తాను.

తల్లి పోయాక డేవిడ్‌కు మిగిలింది ఆమె దాచి ఉంచిన సాండెవిస్టాన్. సైన్యం కోసం తయారైన వెన్నెముక యంత్రం అది. అమ్ముకోవాల్సిన వస్తువును వాడు తన ఒంట్లోనే పెట్టించుకుంటాడు. దాన్ని నొక్కితే చుట్టూ ప్రపంచం నెమ్మదిస్తుంది, వాడొక్కడే పరిగెడతాడు. రైల్లో లూసీ అనే అమ్మాయి పరిచయమవుతుంది, ఆమె ద్వారా మెయిన్ అనే భారీ మనిషి నడిపే ముఠాలో చేరతాడు. అక్కడి నుంచి డేవిడ్ ఒంట్లో ఒక్కో భాగం తీసేయడం, ఒక్కో యంత్రం చేర్చడం. యంత్రం మోతాదు మించితే మనసు పట్టు తప్పి, ఎదురైనవారినల్లా చంపే స్థితికి చేరతారు. ఆ లోకంలో దాన్ని సైబర్‌సైకోసిస్ అంటారు. నాకేం కాదు, నేను ప్రత్యేకం అన్నది డేవిడ్ నమ్మకం. మొదటిసారి తాగుతున్న కుర్రాడు చెప్పే మాటకూ దీనికీ పెద్ద తేడా లేదు.

దీని లోపం హడావుడి. ఆరో ఎపిసోడ్ తర్వాత కాలం ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ఫారడే అనే దళారి దుర్మార్గుడిగా పలచబడిపోయాడు. లూసీ లోపల ఏముందో మనకు తెలిసేసరికి కథ సగం దాటిపోతుంది. అయినా నాకు ఆ హడావుడి మీద కోపం లేదు. డేవిడ్ ఒళ్లు ఏ వేగంతో పాడవుతుందో కథ కూడా ఆ వేగంతోనే పరిగెడుతుంది. ముఠాలోని రెబెకాను మాత్రం మరిచిపోలేరు. చిన్న పిల్లంత ఒళ్లు, ఒంటికి మించిన తుపాకులు, ముఠాలో అందరికంటే నమ్మకమైన మనసు.

రక్తపాతం, నగ్నత్వం బాగా ఉన్నాయి. ఇంట్లో పిల్లలున్నప్పుడు హాల్లో పెట్టే బొమ్మల కథ కాదిది.

ఓపిక ఉంటే: స్టాండ్ అలోన్ కాంప్లెక్స్

దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా ఓటు దీనికే.

మసమునె షిరో గీసిన 'ఘోస్ట్ ఇన్ ద షెల్' అనే మాంగా (జపనీస్ కామిక్స్) దీనికి మూలం. దాన్ని 1995లో మమోరు ఒషీ సినిమాగా తీశాడు. చాలామంది ఆ సినిమాతోనే మొదలుపెట్టమంటారు. నేను వద్దంటాను. గొప్ప సినిమానే, హాంకాంగ్‌ను తలపించే ఆ నగరపు కాలువలూ కెంజి కవాయి సంగీతమూ వెంటాడతాయి. కానీ అందులోని మొతోకో కుసనాగి ఒక ధ్యానంలాంటి మనిషి. ఎనభై నిమిషాలు ఆమె మౌనంతో కూర్చోవాలి. సిరీస్‌లోని మొతోకో వేరు. జోకులు వేస్తుంది, కింది ఉద్యోగులను కసురుకుంటుంది, పై అధికారితో పేచీ పెట్టుకుంటుంది. ముందు ఈమెతో స్నేహం చేసుకుని తర్వాత ఆమె దగ్గరికి వెళ్లడం మేలు.

సిరీస్ దర్శకుడు కెంజి కమియామా, స్టూడియో ప్రొడక్షన్ ఐజీ, సంగీతం యోకో కన్నో. మొదటి సీజన్ 26 ఎపిసోడ్లు. కథాకాలం 2030. మెదడును నేరుగా నెట్‌కు కలిపే సైబర్ మెదడు జనంలో మామూలైపోయిన రోజులు. సెక్షన్ 9 అనే చిన్న భద్రతా దళం హోం మంత్రి కింద పనిచేస్తుంది. దాని అధిపతి అరమాకి వయసు మీరిన మనిషి. తుపాకీ పట్టడు, మంత్రుల గదుల్లో మాటతో యుద్ధం చేస్తాడు. మొతోకో దళానికి నాయకురాలు, అందరూ 'మేజర్' అంటారు. మెదడు తప్ప ఒళ్లంతా కృత్రిమం. బాతో కళ్ల స్థానంలో గుండ్రటి కటకాలున్న మాజీ సైనికుడు. తొగుసా మాత్రం సైబర్ మెదడు మినహా మామూలు మనిషి. పెళ్లాం, పిల్ల, పాత కాలపు రివాల్వర్. దళంలో అతడెందుకున్నాడో నాలుగో ఎపిసోడ్ నుంచి అర్థమవుతుంది. ఒకే మూసలో ఆలోచించేవాళ్ల మధ్య వేరే రకంగా ఆలోచించే ఒక్కడు కావాలి.

వీళ్లతోపాటు తచికోమాలు. నాలుగు కాళ్ల నీలి రంగు యుద్ధ యంత్రాలు, గొంతు మాత్రం చిన్నపిల్లలది. ప్రతి రాత్రీ వాటి అనుభవాలన్నీ కలిపేసి అన్నింటికీ పంచుతారు, కాబట్టి పొద్దున్నకు అన్నీ ఒకేలా ఉండాలి. కానీ బాతో తాను నడిపే దానికి ముద్దుచేసి సహజమైన నూనె తెచ్చి పోస్తుంటాడు. క్రమంగా ఆ ఒక్కటి మిగతావాటికంటే వేరుగా మారుతుంది. యంత్రానికి ఆత్మ ఉంటుందా అని పెద్ద పెద్ద చర్చలు జరిగాయి. వాటన్నింటికంటే తచికోమాలు తమలో తాము చావు గురించి వాదించుకునే సన్నివేశం నాకు ఎక్కువ నేర్పింది. ఆ మాటలు నవ్వు పుట్టిస్తాయి, నవ్వాక గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

ఇక ప్రధాన కేసు. ఒక యువకుడు పెద్ద కంపెనీ అధిపతిని నడివీధిలో తుపాకీతో నిలబెట్టి, టీవీ కెమెరాల ముందు నిజం చెప్పమని బెదిరిస్తాడు. చూస్తున్న ప్రతి కంటిలోకీ, ప్రతి కెమెరాలోకీ ఆ క్షణానే చొరబడి తన ముఖం మీద నవ్వే బొమ్మను అతికిస్తాడు. వందలమంది చూశారు, దాదాపు ఎవరూ ముఖం చెప్పలేరు. ఇతడే లాఫింగ్ మ్యాన్. జపాన్‌లో 1984లో గ్లికో మిఠాయి కంపెనీ అధ్యక్షుడి అపహరణతో మొదలై చివరికి దోషులు దొరక్కుండానే మిగిలిపోయిన నిజ కేసు ఛాయలు ఇందులో కనిపిస్తాయి. సిరీస్ లెక్కలో ఆ టీవీ ఘటన జరిగింది 2024లో. ఆ సంవత్సరాన్ని మనం దాటేశాం కూడా.

అసలు విశేషం ఆ తర్వాతిది. ఆ బొమ్మను చూసినవాళ్లు తామే లాఫింగ్ మ్యాన్ అనుకుని, ఎవరూ చెప్పకుండానే, ఒకరికొకరు సంబంధం లేకుండానే అవే పనులు చేయడం మొదలుపెడతారు. మూలం లేని నకళ్లు అన్నమాట. సిరీస్ పేరుకు అర్థం అదే. వాట్సాప్‌లో పుట్టుక తెలియని వదంతి ఊరూరా ఒకే మాటగా తిరగడం చూశాక, 2002లో ఈ ఊహ చేసినవారి మీద నాకు గౌరవం ఇంకాస్త పెరిగింది.

ఒక చిట్కా. మొదటి సీజన్‌లో 14 ఎపిసోడ్లు విడి కథలు, 12 మాత్రమే లాఫింగ్ మ్యాన్ కేసువి. కేసు 4, 5, 6 ఎపిసోడ్లలో మొదలై, 9, 11లో తొంగిచూసి, 20 నుంచి చివరిదాకా పరుగెడుతుంది. తొందరపడి విడి కథలను దాటేయకండి. తచికోమాలు మనకు దగ్గరయ్యేది ఆ విడి కథల్లోనే. వాటిని వదిలేస్తే చివరి ఎపిసోడ్లు సగం బలమే చూపిస్తాయి.

గొణగాల్సినవి కూడా ఉన్నాయి. మొదటి సీజన్‌లో మొతోకో దుస్తులకు అర్థం లేదు. మంత్రుల సమక్షంలో నిలబడే భద్రతాధికారిణికి ఈత దుస్తుల్లాంటివి ఎందుకు తొడిగారో గీసినవారికే తెలియాలి. మాటలు ఎక్కువ. రాజకీయం, మందుల కంపెనీలు, పేటెంట్లు, కమిటీలు. సబ్‌టైటిల్స్ చదువుతూ ఫోను చూసుకునేవారికి తలా తోకా అర్థం కావు. రెండో సీజన్ (2004) శరణార్థుల గురించి. మొదటిదానికంటే గంభీరం, నా దృష్టిలో ఇంకా మంచిది, కానీ ముందు మొదటిది చూడాల్సిందే. 2020లో వచ్చిన త్రీడీ కొనసాగింపును మాత్రం అన్నీ అయ్యాక, మరేమీ లేనప్పుడు చూడవచ్చు.

నేర పరిశోధన కావాలంటే: సైకో-పాస్

ఇదీ ప్రొడక్షన్ ఐజీదే, ఇదీ పోలీసుల కథే. కానీ రెండింటి మధ్య తేడా పెద్దది. సెక్షన్ 9 తన ప్రభుత్వాన్నే అనుమానించగలదు. ఇక్కడి పోలీసులకు ఆ వీలు లేదు, చేతిలోని తుపాకీయే వాళ్లకు ఆజ్ఞలిస్తుంది.

2112 నాటి జపాన్. సిబిల్ అనే వ్యవస్థ ప్రతి మనిషి మనసునూ నిరంతరం కొలుస్తుంటుంది. ఎవరు ఏ ఉద్యోగం చేయాలో, ఎవరికి చికిత్స కావాలో, ఎవరు నేరం చేయబోతున్నారో అదే చెబుతుంది. మనిషి నేరం చేసే అవకాశాన్ని కొలిచే ఆ నేర సంఖ్య వంద దాటితే స్పృహ తప్పించి పట్టుకుంటారు. మూడు వందలు దాటితే డామినేటర్ అనే తుపాకీ తనంతట తానే రూపం మార్చుకుని చంపడానికి సిద్ధమవుతుంది. సంఖ్య తక్కువుంటే గురి పెట్టినా ట్రిగ్గర్ కదలదు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన అకానె త్సునెమోరి మన కథానాయిక. ఆమె కింద పనిచేసేవాళ్లు ఎన్‌ఫోర్సర్లు. నేర సంఖ్య ఎక్కువున్నందుకు ఖైదులో ఉండాల్సిన మనుషులను వేటకుక్కల్లా వాడుకుంటారు. అందులో కొగామి ఒకడు. మొదటి రాత్రే వ్యవస్థ మెలిక బయటపడుతుంది. దుండగుడి చేతిలో చిక్కి నరకం చూసిన యువతి భయంతో వణికిపోతుంది, ఆ వణుకుకే ఆమె నేర సంఖ్య పెరిగిపోతుంది. తుపాకీ ఇప్పుడు ఆమెను చంపమంటుంది. అకానె ఏం చేస్తుందో చూడండి. ఆ ఒక్క నిర్ణయంతోనే ఆమె ఎలాంటి మనిషో తెలిసిపోతుంది.

ఎదురుగా మకిషిమా. కాగితం పుస్తకాలు చదువుతూ, మృదువుగా మాట్లాడుతూ ఘోరాలు చేయిస్తాడు. వాడి నేర సంఖ్య మాత్రం పెరగదు. తెల్లగా, స్వచ్ఛంగా ఉంటుంది. ఎంత గురిపెట్టినా తుపాకీ పేలదు. రచయిత గెన్ ఉరోబుచి పన్నిన ఈ చిక్కుముడి సిరీస్ మొత్తాన్నీ మోస్తుంది. నన్ను ఎక్కువ భయపెట్టింది మాత్రం మకిషిమా కాదు. పద్నాలుగో ఎపిసోడ్‌లో నడివీధిలో ఒకడు ఒక మహిళను సుత్తితో కొడుతుంటే చుట్టూ ఉన్నవారు నిలబడి చూస్తారు. అడ్డుకోరు, పారిపోరు. నేరం అనేదే కంటపడని సమాజంలో పెరిగినవారికి కళ్లముందు జరుగుతున్నది ఏమిటో అర్థం కాదు.

22 ఎపిసోడ్లు చూసి ఆగిపోవచ్చు, కథ అక్కడికి నిండుగా ముగుస్తుంది. 2014 నాటి రెండో సీజన్‌కు స్టూడియో, కథా బాధ్యతలు చూసేవారు ఇద్దరూ మారారు, పట్టూ సడలింది. శవాలను అలంకరించి పెట్టడం లాంటి బీభత్సం ఉంది. 6 నుంచి 8 దాకా ఉన్న బాలికల పాఠశాల కథ సున్నిత మనస్కులకు కష్టం. మాటిమాటికీ తత్వవేత్తల పేర్లు చెప్పడం మీద కూడా నాకు చిరాకే, రెండు పేర్లు తగ్గించినా కథకు నష్టమేమీ లేదు.

చివర పెట్టుకోండి: లెయిన్

హాస్టల్లో ఉండగా ఒక మిత్రుడు హార్డ్ డిస్కులో ఇచ్చాడు. నా మొదటి సైబర్‌పంక్ సిరీస్ అదే కావడం నా దురదృష్టం. నాలుగో ఎపిసోడ్ దగ్గర ఆపేశాను. ఒక పిల్ల నడుస్తుంది, కరెంటు తీగలు గుయ్యిమంటాయి, నీడల్లో ఎర్రటి మరకలు కదులుతాయి, ఎవరూ ఏమీ చెప్పరు. మళ్లీ ఈ కోవ జోలికి రావడానికి నాకు మూడేళ్లు పట్టింది.

తిరిగి చూసినప్పుడు వేరే సిరీస్ చూస్తున్నట్టు అనిపించింది. చనిపోయిన సహవిద్యార్థిని నుంచి ఈమెయిల్ వస్తుంది: ఒళ్లు వదిలేశానంతే, నేనింకా ఇక్కడే ఉన్నానని. 'ఇక్కడ' అంటే వైర్డ్, అంటే ఆ కథలో నెట్ పేరు. లెయిన్ ఇవాకురాకు తండ్రి కొత్త కంప్యూటర్ తెచ్చిపెడతాడు. ఎపిసోడ్లు గడిచేకొద్దీ ఆ గది యంత్రాలతోనూ, వాటిని చల్లబరిచే గొట్టాలతోనూ, నేల మీద నీళ్లతోనూ అడవిలా నిండిపోతుంది. బయట ఆ పిల్ల నోరు విప్పదు. వైర్డ్‌లో మాత్రం ఆమె పేరుతో, ఆమె ముఖంతో వేరే లెయిన్ తిరుగుతుంటుంది. గట్టిగా నవ్వుతుంది, స్నేహితుల రహస్యాలు ఊరంతా చాటుతుంది. దొంగ ఖాతా అనే మాట మన నోట నానకముందే, 1998లో, ఇది గీశారు. ఆ చీకట్లో లెయిన్‌కు మిగిలిన ఒకే వెచ్చని మనిషి ఆలిస్ అనే స్నేహితురాలు.

దర్శకుడు ర్యుతారో నకమురా, రచయిత చియాకి కొనాకా, 13 ఎపిసోడ్లు. ఆత్మహత్యల ప్రస్తావన మొదటి నిమిషం నుంచే ఉంటుంది. మనసు బాగాలేని రోజుల్లో దీన్ని ముట్టుకోకండి.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఎపిసోడ్ల లెక్కా రక్తపు లెక్కా పక్కన పెడితే, ఎంచుకోవడానికి నాకు ఉపయోగపడే ప్రశ్న ఇంకొకటుంది. ఈ కథలో ఒళ్లు ఎవరి సొత్తు? మొతోకోకు పుట్టుకతో వచ్చిన ఒళ్లే లేదు. ఇప్పుడున్నది ఖరీదైన కృత్రిమ దేహం. దాన్ని నిలబెట్టుకోవాలంటే ఉద్యోగమూ కావాలి, ప్రభుత్వమూ కావాలి. డేవిడ్ ఒళ్లు వాడిదే, వాడే దాన్ని తాకట్టు పెట్టినట్టు ముక్కలుగా వదులుకుంటాడు. అకానె ఒళ్లు చెక్కుచెదరదు కానీ లోపలి మనసు ప్రతి క్షణం ఎవరో తూచే సరుకు. లెయిన్‌కైతే ఒళ్లు అవసరమా అన్నదే అనుమానం.

వీటిలో ఏ భయం మీకు దగ్గరగా ఉందో చూసుకోండి. ఉద్యోగం పోతే ఇన్సూరెన్సూ పోతుందనే దిగులు ఎరిగినవారికి ట్రామా టీమ్ దృశ్యం ఒక్కటే చాలు, ఎడ్జ్‌రన్నర్స్ వాళ్లను వదలదు. మార్కులు, ర్యాంకులు, క్రెడిట్ స్కోర్లు మనిషిని నిర్ణయించే తీరు మీద కోపం ఉన్నవారికి సైకో-పాస్. ఇంటర్మీడియట్ ర్యాంకుల హోర్డింగుల కింద పెరిగిన మనకు సిబిల్ అంత పరాయిదేమీ కాదు. ఆఫీసు రాజకీయాలు చూసినవారు, పై అధికారికీ న్యాయానికీ మధ్య నలిగినవారు అరమాకి మనిషి అయిపోతారు. నాలుగింటిలోనూ పెద్దవాళ్లు పెద్దవాళ్లలా ప్రవర్తించేది సెక్షన్ 9లోనే. నా ఓటు దానికి పడటానికి ఇది పెద్ద కారణం. మిగతా మూడింట్లో పెద్దలు చచ్చిపోతారు, అమ్ముడుపోతారు, లేదా టీవీ ముందు బొమ్మల్లా కూర్చుంటారు.

డబ్బింగా, సబ్‌టైటిల్సా అన్నదానికి నా జవాబు జపనీస్ స్వరాలే. మొతోకోకు గొంతునిచ్చిన అత్సుకో తనాకా 2024లో కన్నుమూశారు. ఆ గొంతులోని అధికారాన్ని మరే భాషలోనూ నేను వినలేదు. పైగా తెలుగు చెవికి ఇందులో ఒక చిన్న సుఖం ఉంది. జపనీస్‌లోనూ మనలాగే క్రియ వాక్యం చివర వస్తుంది. అరమాకి వాక్యాన్ని లాగి లాగి చివర్లో అసలు మాట చెబుతాడు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్ దాన్ని ముందే విప్పేస్తుంది. కొన్నాళ్లకు మీరు సబ్‌టైటిల్‌ను కాస్త ఆలస్యంగా చదవడం నేర్చుకుంటారు.

వరుస అడిగితే ఇదీ: ఈ కోవ పూర్తిగా కొత్త అయితే ఎడ్జ్‌రన్నర్స్, తర్వాత స్టాండ్ అలోన్ కాంప్లెక్స్ మొదటి సీజన్. డిటెక్టివ్ కథల పిచ్చి ఉంటే సైకో-పాస్‌తో మొదలుపెట్టి అదే దారిలో సెక్షన్ 9కు రండి. లెయిన్ అందరికీ చివరే.

ఇంకా తేలకపోతే, స్టాండ్ అలోన్ కాంప్లెక్స్ పన్నెండో ఎపిసోడ్ ఒక్కటి చూడండి, ముందువెనుకలు తెలియకపోయినా పర్వాలేదు. మొదటి సగంలో ఒక తచికోమా చెప్పాపెట్టకుండా ఊళ్లోకి షికారు వెళ్లి, తప్పిపోయిన కుక్కను వెతుకుతున్న చిన్న పిల్లతో కలిసి తిరుగుతుంది. రెండో సగంలో ఆ తచికోమాకు దొరికిన పెట్టెలో ఒక సినిమా దర్శకుడి మెదడు ఉంటుంది. లోపల ఎప్పటికీ ఆగని సినిమా నడుస్తుంటుంది, చూడటానికి లోపలికి వెళ్లినవారు తిరిగి రావడానికి ఇష్టపడరు. మొతోకో లోపలికి వెళ్తుంది. మొదటి సగం మీకు నచ్చితే మొదటి ఎపిసోడ్‌కు వెళ్లి వరుసగా చూసుకోండి. ఆ సినిమా హాల్లోనే మీకూ ఉండిపోవాలనిపిస్తే, నేను పైన చెప్పిన వరుసను పట్టించుకోకండి, మీరు నేరుగా లెయిన్ దగ్గరికే వెళ్లాల్సినవారు.